బాగా చెప్పిన పాఠం

శ్రీవిద్యకు ఉత్తమ ఇంగ్లీషు టీచరుగా అవార్డు వచ్చిన రోజు నుంచి ఏడో తరగతికి ఇంగ్లీషు లేదు.

ఈ మాట పైకి అంటే బాగుండదు. అందుకని ఆమె ఎవరితోనూ అనలేదు. సెప్టెంబరులో కడపలో శాలువా కప్పారు. బద్వేలు బజారులో ఫ్లెక్సీ కట్టారు. ఆమె పనిచేసే పల్లె బడిలో హెడ్మాస్టరు ప్రేమయ్య పిల్లలందరికీ బూందీ పంచాడు. అంతవరకూ బాగానే ఉంది.

ఆమెది బద్వేలే. తండ్రి మునిరత్నం చిల్లర అంగడి నడుపుతాడు. తెలుగు మీడియంలో చదివి, డిగ్రీకి కడప వెళ్ళాక, ఇంగ్లీషులో ఏమడిగినా తల దించుకుని నిలబడేది. తప్పు మాట్లాడితే నవ్వుతారని భయం. మొదటి ఏడాదంతా ఆమెను మూగదనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అదే శ్రీవిద్య సెలవులకు ఇంటికి వస్తే అంగట్లో సాయిబులతో ఉర్దూ గలగలా మాట్లాడేది. అందులో సగం తప్పులే. ఎవరూ నవ్వలేదు. వాళ్ళకు కావలసింది చింతపండు, ఆమెకు కావలసింది బేరం.

ఉద్యోగం వచ్చాక ఆ సంగతి గుర్తుపెట్టుకుంది. తరగతి గదిలో అంగడి పెట్టింది. బల్ల వెనక ఒక పిల్లో పిల్లాడో. బల్ల మీద తండ్రి అంగడి నుంచి తెచ్చిన శనక్కాయలు, బెల్లం ముక్కలు. కావలసింది ఇంగ్లీషులో అడగాలి. ఎట్లా అడిగినా సరే, అడిగినవాళ్ళకు దొరుకుతుంది. బేరాలు, తిట్లు, అప్పు పుట్టదని దబాయింపులు, అన్నీ ఇంగ్లీషులోనే. ఆమె మాత్రం వెనక బెంచీలో కూర్చునేది. గోలకు ప్రేమయ్య వచ్చి తొంగిచూసేవాడు.

"ఏమ్మా, ఇది బడేనా, సంతనా?"

"మీరూ రండి సార్, బెల్లం ఇప్పిస్తాను."

"నాకొద్దులే తల్లీ. బల్లకాడుండే ఆ తనూజ నన్ను ఇంగ్లీషులో తిట్టిందంటే నాకు అర్థం గూడా కాదు."

ఆ అంగడికే అవార్డు వచ్చింది. వచ్చాక పైనుంచి ఉత్తర్వు వచ్చింది, ఆమె మిగతా టీచర్లకు శిక్షణ ఇవ్వాలని. ప్రొద్దుటూరు, రాయచోటి, కడప, మళ్ళీ ప్రొద్దుటూరు. పిల్లలచేత ఎలా మాట్లాడించాలో ఆమె పెద్దవాళ్ళకు మైకులో చెప్పేది. ఆ వేళకు ఆమె పిల్లలు ఇక్కడ డ్రిల్లు సారు ముందు కూర్చుని పాఠాలు చూసి రాసేవారు.

"అంగట్లో బేరం బాగా చేసే మనిషిని లేపి ఊర్లమ్మట తిప్పితే, అంగడి ఎవురు చూస్తారే?" అన్నాడు మునిరత్నం.

"నన్నడిగితే ఏం చెప్పేది నాయనా? వాళ్ళనడుగు."

"అవార్డు అంటే ఏమో అనుకుంటి. ఇది బదిలీ గదా!"

కార్తీకం దాటాక ఒకరోజు ఖాళీ దొరికి బడికి వచ్చింది. ఏడో తరగతి నిశ్శబ్దంగా ఉంది. అంగడి పెడదామా అంది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బేరంలో అందరికంటే ముందుండే తనూజ కూడా బల్ల దగ్గరికి వచ్చి, నోరు తెరిచి, తల దించుకుంది. కడప కాలేజీలో శ్రీవిద్య కూడా అలాగే నిలబడేది.

ఆ సాయంత్రమే శిక్షణలు చూసే అధికారి జ్ఞానేశ్వర్‌కు ఫోను చేసింది. తనను బడికి వదిలేయమంది. ఆయన మంచివాడే, విన్నాడు.

"ఒక పని చేద్దాం మేడం. మీ పాఠం వీడియో తీద్దాం. అది బాగా వచ్చిందంటే మీరు తిరిగే పని ఉండదు. అదే తిరుగుతాది."

శ్రీవిద్యకు ఊపిరి ఆడింది. మళ్ళీ బడికి వచ్చినప్పుడు పిల్లలకు ఆ మాటే చెప్పింది. వీడియో బాగా వస్తే ఇంక ఈడ్నే ఉంటాను అంది.

జ్ఞానేశ్వర్‌తో కలిసి వీడియోవాళ్ళు ఒక శనివారం వచ్చారు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, లోపల తెల్లటి లైట్లు పెట్టారు. బెల్లానికి ఈగలు ముసిరితే జ్ఞానేశ్వర్ తీసేయించి ప్లాస్టిక్ ఆపిళ్ళు, ద్రాక్షగుత్తులు పెట్టించాడు. తనూజ అంగడి మనిషి. మిగతావాళ్ళు వరుసలో నిలబడ్డారు.

ఒక్కొక్కరే వచ్చి అడిగారు. ఎక్కడా తడబాటు లేదు. ప్రార్థన చదివినట్టు అడిగారు, ప్రార్థన చదివినట్టే తనూజ ఇచ్చింది. ఎవరూ బేరమాడలేదు. అంగట్లో లేనిది ఎవరూ అడగలేదు. వెనక బెంచీలో కూర్చున్న శ్రీవిద్యకు నాలుగో పిల్లాడు వచ్చేసరికే అర్థమైంది. ఎక్కడో గైడులో చూసి, అందరూ కలిసి బట్టీ పట్టారు.

ఆపాలని సగం లేచింది. గుమ్మంలో నిలబడ్డ ప్రేమయ్య కూర్చోమని చేత్తో సైగ చేశాడు. సోమవారం గుర్తొచ్చింది. ఈ పాఠం గట్టెక్కితే సోమవారం ఆమె ఈ గదిలో ఉంటుంది. అప్పుడు మొదటినుంచీ చెప్పుకోవచ్చు. కూర్చుంది.

అయిపోగానే జ్ఞానేశ్వర్ చప్పట్లు కొట్టాడు.

"అదిరిపోయింది మేడం! ఒక్క తప్పు లేదే!"

"అయితే సోమవారం నుంచి నేను బడికి..."

"బడికా? ఇంత బాగా చెప్పే మనిషిని బడిలో కూచోబెడితే మమ్మల్ని తిడతారు. కర్నూలు వాళ్ళు, నంద్యాల వాళ్ళు గూడా మిమ్మల్ని అడుగుతాండారు. ఈ ఏడంతా మీరు మాకే."

"వీడియోనే తిరుగుతాది అన్నారు కదండీ."

"తిరుగుతాది. దాని పక్కన మీరుంటే ఇంకా బాగుంటాది."

ప్రేమయ్య గొంతు సవరించుకున్నాడు. "మా బడికి శానా పేరు సార్. ఏడో తరగతికి ఇంకెవురినన్నా..."

"చూద్దాం లెండి" అంటూ జ్ఞానేశ్వర్ బయటికి నడిచాడు. ప్రేమయ్య ఆయన వెనకే వెళ్ళాడు.

లైట్లు ఆరిపోయాయి. పిల్లలు ఆమె చుట్టూ చేరారు.

"బాగా చెప్పినామా మేడం?" తనూజ అడిగింది.

"శానా బాగా చెప్పినారు."

"అయితే సోమవారం ఈడ్నే గదా మీరు?"

అబద్ధం చెప్పొచ్చు. అది సోమవారం దాకా నిలుస్తుంది.

"లేదమ్మా. కర్నూలు పంపిస్తాండారు. పాఠం బాగొచ్చిందంట, అందుకని."

తనూజ చేతిలోని ప్లాస్టిక్ ఆపిలును బల్ల మీద పెట్టేసింది.

"ఆ మాట ముందే చెప్పింటే, తప్పులు చెప్పింటాం గదా మేడం!"

ఎవరైనా నవ్వుతారేమోనని శ్రీవిద్య చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. ఫోటోకు రమ్మని బయటినుంచి పిలుస్తున్నారు. ఆమె కదల్లేదు. మళ్ళీ పిలిచారు.