అమ్మ చేతికి మూడు ప్రశ్నలు

పక్షవాతం వచ్చాక అమ్మ కుడిచేయి మొద్దుబారిపోయింది. వారానికి రెండుసార్లు మా కోవిల్‌పట్టి నుంచి బస్సులో విరుదునగర్ ఆసుపత్రికి తీసుకెళ్లేదాన్ని. అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి, అమ్మను కళ్లు మూసుకోమని, ఆ చేతిమీద ఒకసారి దూదితో, ఒకసారి దువ్వెన పళ్లతో రాసేది. తమిళంలో మూడే ప్రశ్నలు అడిగేది. జబ్బు చేశాక అమ్మ నోటికి ఇంటి తెలుగే తిరిగేది. అందుకని నేను వాటినే తెలుగులో మళ్లీ అడిగేదాన్ని.

"సుకంగుండాదా? నొస్తాదా? ఏమీ తెలీదా?"

"ఏమీ తెలీదు పాపా," అనేది. నెలల తరబడి అదే జవాబు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎడమచేత్తో తింటూ అమ్మ సాంబారన్నం చీర మీద ఒలకబోసుకుంటే, తినిపిస్తానన్నా వినకపోతే, అరిచేదాన్ని. ఒకరోజు "నీకు చాకిరీ చేసేదానికే పుట్టినానా?" అనేశాను. అమ్మ కంచం పక్కకు నెట్టేసింది. ఇక విరుదునగర్‌కు రానంది. రెండు వారాలు గడిచినా కదల్లేదు. నా నోటి దురుసుకు ఆ చేయి ఇక ఎప్పటికీ లేవదేమోనని భయమేసింది.

మళ్లీ అన్నం ఒలికిన రోజు, తిట్టు నాలుక చివరిదాకా వచ్చాక, ఎందుకో ఆ ప్రశ్నలు నన్ను నేనే అడుక్కున్నాను. సుఖంగా ఉందా? లేదు. ఏమీ తెలియడం లేదా? కాదు. నొస్తోంది. ఇన్నేళ్లు మగ్గం ఆడించిన చేయి అన్నం ముద్ద పట్టలేకపోతే నాకు నొస్తోంది. ఉన్నది అంతే. అరుపులన్నీ ఆ తర్వాత నేను కలుపుకున్నవి.

అప్పట్నుంచి ముందు ఆ నొప్పిని గుర్తుపట్టడం అలవాటు చేసుకున్నాను. సగం అరుపు గొంతులోనే ఆగేది. మిగతా సగం అప్పుడప్పుడు బయటికొచ్చేది, నేనేం సన్యాసిని కాదుగా. సుఖాన్ని కూడా చూసుకునేదాన్ని. అమ్మ తల దువ్వడం నాకింత హాయి అని అప్పటిదాకా తెలియదు.

ఒక ఉదయం అలా దువ్వుతుంటే, అమ్మ ఎడమచేత్తో దువ్వెన లాక్కుని నా మోచేతి మీద రాసింది.

"సుకంగుండాదా? నొస్తాదా? ఏమీ తెలీదా?"

నవ్వబోయి ఏడ్చేశాను. "నొస్తాదిమా. నీ చెయ్యి చూస్తే నొస్తాది. దానికే అరుస్తాను."

అమ్మ దువ్వెన కింద పెట్టింది. తర్వాత కొంగుతో నా ముఖం తుడిచింది.

"ఆ మాట ముందే చెప్పుంటే రానంటానా పాపా? లెయ్, బస్సు పోతాది."