చెవులు కడుక్కున్న రోజులు

మొన్న మా కాలనీ హాల్లో ఒత్తిడి గురించి ఉపన్యాసం పెట్టించారు. హనుమకొండలో స్థిరపడ్డ మాలాంటి పింఛనుదారులకు సాయంత్రం పూట వేరే పనేముంటుంది గనక, అందరం వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకొని కూర్చున్నాం. వచ్చినాయన కుర్ర డాక్టరు, మాట మంచిది, తెర మీద బొమ్మలు చూపిస్తూ ఒత్తిడి ఎక్కడ పుడుతుందో, ఒంట్లోకి ఎలా దిగుతుందో, నిద్రనూ ఆకలినీ ఓర్పునూ ఎలా తినేస్తుందో విడమరచి చెప్పాడు. నడవండి, వేళకు పడుకోండి, మనసులో ఉన్నది ఎవరికైనా చెప్పుకోండి అన్నాడు. చివర్లో, మీ ఉద్యోగాల రోజుల్లో ఒత్తిడి వస్తే ఏం చేసేవారండీ అని అడిగితే మా వరసలో వాళ్ళంతా మాకా, ఒత్తిడా, అబ్బే అన్నట్టు నవ్వేశారు. నేనూ నవ్వాను. చింతపండు కొట్టేదాన్ని బాబూ అని చెబితే నాకే ఏదో మందు రాసిస్తాడని ఊరుకున్నాను గానీ, ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

అసలు ఒత్తిడి అన్న మాటే మాకు అప్పట్లో తెలియదు. తలకాయ గరమైంది అనేవాళ్ళం, పరేషాన్ ఉన్న అనేవాళ్ళం, మరీ ఎక్కువైతే పాణం మంచిగ లేదని దవాఖానకు పోతే డాక్టరు నాలుక చూసి, నాడి పట్టి, ఎర్రటి టానిక్కు సీసా చేతిలో పెట్టేవాడు. నేనూ అలాంటి సీసాలు చాలానే తాగాను. మానుకోటలో, అదే మీరంతా మహబూబాబాద్ అంటారే, అక్కడి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేను ఆపరేటరుగా పనిచేసిన రోజుల సంగతి ఇది.

ఆ ఉద్యోగం నాకంటే మా బాపుకు, అదే మా నాన్నకు, ఎక్కువ. మాది జనగామ దగ్గర వ్యవసాయ కుటుంబం. తెలంగాణ ఉద్యమం నడిచిన అరవై తొమ్మిదిలో కాలేజీలు మూతపడి, పరీక్షలు ఎప్పుడవుతాయో తెలియక నేను ఇంట్లో కూర్చుంటే, మా పెదనాన్నలూ మేనత్తలూ ఇదే సందని పెళ్ళి సంబంధాలు మోసుకొచ్చారు. బాపు ఒక్కడే అడ్డం నిలబడ్డాడు. మన పిల్లలకు నౌకర్లు కావాలని ఊరూరా లొల్లి జేస్తున్నరు, ఉన్న పిల్లను సదువు మానిపిస్తె ఆ నౌకర్లు ఎవలు జేస్తరు అని అడిగేవాడు. కొన్నేళ్ళకు నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు, బజారంతా తిరిగి చెప్పి వచ్చాడట. తర్వాత మానుకోటలోనే బడిపంతులుతో నా పెళ్ళి చేశాడు, ఉద్యోగం మానిపించకూడదనే షరతు మీద.

ఇప్పటి పిల్లలకు ఆ బోర్డు ఎలా ఉండేదో చెప్పినా ఊహకందదు. ఎదురుగా గోడలాగా బోర్డు, దాని నిండా రంధ్రాలు, ఒక్కో రంధ్రం ఒక్కో ఇల్లో దుకాణమో. ఎవరైనా ఫోను పిడి తిప్పితే వాళ్ళ రంధ్రం మీది రేకు మూత టక్కున పడేది. తీగ గుచ్చి, నంబరడిగి, ఇంకో తీగ ఇంకో చోట గుచ్చాలి. మిర్చి సీజనులో సేట్ల మూతలన్నీ ఒకేసారి పడేవి. ఒకరికి గుంటూరు లైను కావాలి, ఒకరికి హైదరాబాదు, లైన్లేమో రెండో మూడో, ఆలస్యమైతే తిట్లన్నీ నాకే. పైఊరి కాలైతే మూడు నిమిషాలకోసారి మధ్యలో దూరి, సమయం అయిపోయింది, పొడిగించమంటారా అని అడగాలి. సేట్లను అడగడం ఒక లెక్క. కొడుకు పోయాడన్న కబురు విని అవతల ఒక తల్లి ఏడుస్తుంటే, ఆ ఏడుపు మధ్యలో దూరి అదే మాట అడగడం ఇంకో లెక్క. అడిగాను. అడగకపోతే నడవదు. పైగా లైన్లో విన్నది ఇంట్లో మొగుడితో కూడా చెప్పకూడదని నియమం. ఊరందరి చావులూ, అప్పులూ, అల్లుళ్ళ అలకలూ చెవుల్లో పోసుకొని, నోరు కుట్టుకొని ఇంటికి వచ్చేదాన్ని.

దీనికి తోడు నా భాష ఒకటి. మా పై అధికారి కోస్తా వైపు ఆయన, చెడ్డవాడు కాదు గానీ, నేను లైన్లో ఏంది, ఎట్ల అంటే పక్కవాళ్ళ వైపు చూసి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు ముల్లు. పంతం పట్టి పుస్తకాల్లో మాటలు, సినిమాల్లో మాటలు నేర్చుకొని, అండీ, చెప్పండీ, ఉండండీ అంటూ గొంతు సన్నం చేసి మాట్లాడడం మొదలుపెట్టాను. బోర్డు ముందు నేను వేరే మనిషిని. అయితే ఆ మనిషి డ్యూటీ దిగాక కూడా నాలోంచి దిగడం మానేసింది. దారిలో సైకిలు గంట మోగితే నంబరు చెప్పండి అనేదాన్ని. బిడ్డ అమ్మా అని పిలిస్తే, లైను ఖాళీ లేదండీ అన్నానట, మావారు చెప్పి నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు. తిన్నది ఒంటబట్టేది కాదు, కంటి మీద కునుకు ఉండేది కాదు, చీటికీ మాటికీ కోపం. మానెయ్యరాదూ అని మావారు మెల్లగా అనేవారు. బాపు మొహం గుర్తొచ్చి మానలేకపోయేదాన్ని.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బాపు వచ్చాడు. చెప్పా పెట్టకుండా ఎప్పుడూ రాడు. నేను అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్నాను. బాపుది నెమ్మదైన మాట. వానల దగ్గర మొదలుపెట్టి, ఎడ్ల మీదుగా, బావి మీదుగా తిరిగి తిరిగి అసలు సంగతికి వస్తాడు. ఆ రోజు మరీ నెమ్మదిగా ఉన్నాడు. అమ్మకు ఈ మధ్య కడుపులో నొప్పి అని అన్నాడు, వరంగల్ దవాఖానలో చూపించిన అన్నాడు, ఆగాడు, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ మొదలుపెట్టబోయాడు. నేను ఆ సన్నటి గొంతుతో అన్నాను. మూడు నిమిషాలు అయ్యాయండీ, పొడిగించమంటారా?

అన్నట్టు నాకు తెలియను కూడా తెలియలేదు. బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. లేచి, కుండలోంచి నీళ్ళు ముంచుకొని తాగి, పోయొస్త బిడ్డా, బండి టైమైంది అని చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాడు. నేను అలాగే కూర్చొని ఉంటే, వంటింట్లోంచి మా అత్తమ్మ చేతిలో గరిటెతో వచ్చి నా మీద పడింది.

"ఏందే, మీ బాపుకు అండీ అంటవా? ఆయనేమన్న మిర్చి సేటా? అంతదూరం నుంచి అచ్చిన మనిషి ఏం జెప్పవచ్చిండో గది గూడ వినకపోతివి!"

అప్పుడు విన్నాను నేనన్న మాట. అత్తమ్మ గరిటె అక్కడే పడేసి, నా రెక్క పట్టుకొని ఎండలో స్టేషనుకు నడిపించింది. ఆ మనిషి నోరు ఎంత పెద్దదో మనసు అంతకు రెట్టింపు, ఆ రోజు ఆవిడ లేకపోతే నేనేమయ్యేదాన్నో. డోర్నకల్ వైపు నుంచి రావాల్సిన ప్యాసింజరు రోజూలాగే ఆలస్యం, ఆ ఆలస్యానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. బాపు ప్లాట్‌ఫారం చివర బల్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. అత్తమ్మ దూరంగా ఆగిపోయింది. నేను వెళ్ళి పక్కన కూర్చొని ఏడ్చాను.

"ఎవలో పరాయి ఆమె మాట్లాడినట్టనిపించింది బిడ్డా," అన్నాడు. కోపంగా కాదు. భయంగా అన్నాడు.

ఆ తర్వాత చెప్పాడు. అమ్మ కడుపులో గడ్డ ఉందట, ఆపరేషన్ చెయ్యాలట, బతుకుతుందో లేదో చెప్పలేమన్నారట. అన్నలకు చెబితే ఆగమాగం అవుతారని చెప్పలేదు. అమ్మకే చెప్పలేదు. నాకు భయమైతాంది బిడ్డా అని మా బాపు, రజాకార్ల రోజులు చూసిన మనిషి, నా ముందు చిన్నపిల్లాడిలా అన్నాడు. మా తాత పోయినప్పుడు కూడా బాపు కంట నీరు నేను చూడలేదు. రైలు వచ్చి, వెళ్ళిపోయింది. మేమిద్దరం లేవలేదు.

నేను ఉద్యోగం మానేస్తానన్నాను. బాపు ఒప్పుకోలేదు.

"నౌకరి ఎందుకిడుస్తవ్? పొలంకెళ్ళి అస్తే కాళ్ళు కడుగుతం, బువ్వ తినేటప్పుడు చేతులు కడుగుతం. నువ్వు డ్యూటీ దిగినంక జర చెవులు కడుక్కోరాదు?"

ఎట్ల కడుక్కోవాలె బాపూ అంటే ఆయనకూ తెలియదు. నవ్వాడు. తెలిసింది అత్తమ్మకు. మర్నాటి నుంచి ఆవిడ ఒక కట్టడి పెట్టింది. డ్యూటీ దిగి నేరుగా ఇంట్లో అడుగుపెట్టకూడదు, ముందు పక్కింటి ముస్లిం పెద్దావిడ, మేమంతా ఖాలా అని పిలిచేవాళ్ళం, ఆవిడ అరుగు మీదికి పోవాలి. ఎండాకాలం వస్తే మా వాడకట్టులో ఆడవాళ్ళంతా ఒక్కో రోజు ఒక్కో ఇంటి చింతపండు కొట్టేవారు. చింతకాయ పెంకు ఒలిచి, ఈనెలు లాగి, చిన్న సుత్తెతో కొట్టి గింజ తీసి, ఉప్పు వేసి కుండలకెత్తడం. కూలి లేదు, పిలుపు లేదు, ఇవాళ మీది రేపు మాది. ఆ ఏడాది ఖాలా ఇంటి అరుగు పెద్దదని కొట్టుడంతా అక్కడే పెట్టారు, నాకోసమని ఎవరూ చెప్పలేదు గానీ నాకోసమేనని తర్వాత అర్థమైంది.

"ఆవ్ బేటీ, బైఠో. సుత్తె పట్టు, జోర్సే కొట్టు," అనేది ఖాలా. అంతే. ఏమైంది, ఎందుకట్ల ఉన్నవ్ అని అక్కడ ఎవరూ అడగరు. చెప్పాలనిపిస్తే చెప్పుకోవచ్చు, లేకుంటే కొట్టుకోవచ్చు. మొదటి రోజు నేను ఏ సేటు మొహమో తలచుకొని కొట్టిన కొట్టుడికి గింజలు వీధిలో పడ్డాయి, అందరూ ఘొల్లున నవ్వారు, నేనూ నవ్వాను. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఇంకో రోజు ఉన్నట్టుండి ఏడుపొచ్చింది, లైన్లో విన్న ఏ తల్లి గొంతో గుర్తొచ్చి. ఎవరూ కొట్టడం ఆపలేదు. ఖాలా తన కుప్పలోంచి కొంత చింతపండు నా వైపు జరిపింది. సుత్తెల చప్పుడులో నా ఏడుపు కలిసిపోయింది, పేరూ ఊరూ బయటపెట్టకుండానే మనసు తేలికైంది. పనిలో చేతులుంటే మనిషి గొంతు దానంతటదే తన సొంత గొంతుకు వచ్చేస్తుందని నాకు తెలిసింది అక్కడే. చింతపండు అయిపోయాక మిర్చి తొడిమలు తీశాం, పల్లికాయ ఒలిచాం, ఏ పనీ లేని రోజుల్లో బియ్యంలో రాళ్ళేరాం. అరుగు దిగి ఇంటికి వచ్చేసరికి నేను మళ్ళీ నేనే అయ్యేదాన్ని. టానిక్కు సీసాలో అత్తమ్మ కొబ్బరినూనె పోసుకుంది.

బోర్డు ముందు సేట్లు తిట్టడం మానలేదు, మూడు నిమిషాల మాటా నేను మానలేదు. అయితే ఏడ్చే తల్లుల దగ్గర మాత్రం ఆ సన్నటి గొంతు పక్కన పెట్టి, అమ్మా, జర ధైర్యం తెచ్చుకో, ఇంకొంచెంసేపు మాట్లాడుతవా అని అడిగేదాన్ని. మా అధికారి విన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ నవ్వలేదు.

అమ్మకు ఆపరేషన్ అయింది, గడ్డ ప్రమాదమైంది కాదన్నారు, బాపుకంటే ఎక్కువ కాలమే బతికింది. ఎనభైల్లో నంబర్లు తిప్పుకునే ఫోన్లు వచ్చి బోర్డు పోయింది, మా ఇంట్లోకీ ఫోను వచ్చింది. జనగామలో అన్నయ్య ఇంటి నుంచి బాపు చేసేవాడు. అందరం మంచిగనే ఉన్నం బిడ్డా, పెట్టేస్తున్న అనేవాడు, అంతే. ఎరువుల దుకాణం వాడితో అప్పు గొడవైనా, అన్నదమ్ములకు మాట పట్టింపు వచ్చినా, తన ఒంట్లో బాగాలేకపోయినా ఫోన్లో అదే మాట. అసలు సంగతి చెప్పాలంటే ప్యాసింజరెక్కి మానుకోటకు వచ్చేవాడు. గుమ్మంలో ఆయన్ను చూడగానే అత్తమ్మ చాప పరిచి, పిల్లల్ని బయటికి తరిమేది. ఆయన వానల దగ్గర మొదలుపెట్టి ఎంతసేపటికి ఎక్కడికి వచ్చినా నేను కదలకుండా వినేదాన్ని. వెళ్ళేటప్పుడు బాపు నడక తేలికగా ఉండేది.

అత్తమ్మ లేదు, ఖాలా లేదు, ఆ అరుగులన్నీ రోడ్డు వెడల్పులో పోయాయి. ఇప్పుడు మాటకు కరువు లేదు, బెంగళూరు నుంచి నా కూతురు రోజూ ఫోను చేస్తుంది, మొహం చూస్తూ ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. పోయిన నెల నా గుండెకేవో పరీక్షలు చేసి, డాక్టరు కాగితాలు చూస్తూ కాస్త మొహం ముడిచాడు. ఆ సాయంత్రం కూతురు ఫోను చేస్తే, నాకేమమ్మా, అంతా మంచిగనే ఉంది అని పెట్టేశాను. పెట్టేశాక తెలిసింది, అది బాపు గొంతని. బాపు ఆ మాట ఫోన్లో అని, మర్నాడు పొద్దున్నే రైలెక్కేవాడు. నేను నెల రోజులుగా ఇక్కడే కూర్చొని ఉన్నాను.