నిమ్మరసం తాగని మేయరు

మొన్న డోర్నకల్‌లో రైలు ఆగినప్పుడు ఒకతను కిటికీలోంచి నిమ్మరసం గ్లాసు అందించబోయాడు. దాహంగానే ఉంది, అయినా వద్దన్నాను. పక్కసీటు పెద్దమనిషి "షుగరా?" అని జాలిపడ్డాడు. అవునని తలూపాను. అసలు సంగతి చెప్పేలోపు ఎలాగూ రైలు కదిలిపోతుంది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో ఆ స్టేషను రోడ్డులోనే రిలే నిరాహారదీక్షల టెంటు ఉండేది. ఒకరోజు ఆటోవాళ్లు, ఒకరోజు పంతుళ్లు, ఒకరోజు మంగలి షాపులవాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చునేవారు. సాయంత్రం ఒక పెద్దమనిషి నిమ్మరసం తాగిస్తే ఆనాటి దీక్ష ముగిసేది. ఆ పని మా నాయనమ్మకు అప్పగించారు. ఆమె చక్కెర ధారాళంగా వేసేది, ఆ రసం కోసమే కొందరు దీక్షకు కూర్చుంటారని ఊళ్లో వేళాకోళం. ఆమె చిన్నకొడుకు, అంటే మా చిన్నాయన, కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. ఆకలి మరిపించడానికి టెంటులో ఇంగ్లండు పాలన మీద ఐర్లాండు తిరగబడ్డ కథ ఎత్తుకునేవాడు. ఆలుగడ్డ పంట కుళ్లి జనం మాడి చస్తుంటే ఓడలెక్కి ఇంగ్లండుకు పోయిన ధాన్యం, ఈస్టరు పండక్కి పోస్టాఫీసును పట్టుకున్నవాళ్లు, గాయాలతో నిలబడలేని మనిషిని కుర్చీకి కట్టి కాల్చిన సిపాయిలు, అన్నీ పక్కనున్న మానుకోట సంతలో కళ్లారా చూసినట్టే చెప్పేవాడు. స్వాతంత్ర్యం వచ్చాక ఏమైందని అడిగితే మాత్రం, "కడమ కథ మన రాష్ట్రం వచ్చినంక చెప్త" అనేవాడు.

ఒకరోజు ఆ కథలో ఐర్లాండువాళ్ల కార్క్ పట్నం మేయరు వంతు వచ్చింది. పట్టుకుపోయి లండన్ జైలులో పెడితే పంతం పట్టి అన్నం ముట్టక, అక్కచెల్లెళ్లు రోజూ వచ్చి చూస్తుండగానే కరిగి కరిగి ప్రాణం విడిచాడట. నిమ్మకాయలు పిండుతున్న నాయనమ్మ చేయి ఆగింది. "ఏందిరా, గంతమంది ఉండి ఆయనకు జర నిమ్మరసం ఎవలూ తాపలేదా?" అంది. టెంటంతా నవ్వింది. చిన్నాయన నవ్వలేదు.

ఆ తర్వాతి వారం పంతుళ్ల వంతు, చిన్నాయనా వాళ్లతో కూర్చున్నాడు. సాయంత్రం నాయనమ్మ గ్లాసు పెదవుల దాకా తెస్తే చిన్నాయన మొహం తిప్పుకున్నాడు. "అవ్వా, నాది రిలే గాదు. రాష్ట్రం వచ్చేదాంక ఇక్కణ్నుంచి లెవ్వ." అప్పటికే అతనికి షుగర్ జబ్బు. ఆమె రోజూ సాయంత్రం గ్లాసు తెచ్చేది, అతను రోజూ మొహం తిప్పుకునేవాడు. చివరికి పోలీసులు ఎత్తుకుపోయి దవాఖానలో సెలైన్ ఎక్కించారు. ప్రాణం నిలిచింది గానీ కిడ్నీలు పోయాయి. ఆ మేయరు మీద నాకిప్పటికీ కోపమే.

రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా పటాకులు. మంచం మీంచే చిన్నాయన నవ్వి, "గిప్పుడు తాగుత, తే అవ్వా" అన్నాడు. నాయనమ్మ ఆ సంబరంలో అన్నీ మరిచిపోయి గబగబా కలిపి తెచ్చింది. మంచం దగ్గరికొచ్చాక గుర్తొచ్చింది. కిడ్నీలు పోయినవాళ్లకు నీళ్లు కూడా కొలిచి గుక్కెడు గుక్కెడుగానే పోయాలని, నిమ్మ అసలే వద్దని డాక్టరు ఏనాడో చెప్పాడు. "డాక్టరు వద్దన్నడు గద, కొడుకా" అంది. ఈసారి మొహం తిప్పుకున్నది ఆమె.

కడమ కథ చెప్పకుండానే ఆ వానాకాలం చిన్నాయన పోయాడు. తర్వాత నేనే చదువుకున్నాను. ఐర్లాండుకు స్వాతంత్ర్యం సగం చేతికొచ్చాక, ఒకే జైలులో మగ్గినవాళ్లు ఒకరినొకరు కాల్చుకున్నారట. మా టెంటులో ఒకే చాప మీద పస్తున్నవాళ్లు ఇవాళ ఎదురుపడినా పలకరించుకోరు. చిన్నాయనకు ఆ కథ మొత్తం ముందే తెలుసు, తెలిసే పస్తులున్నాడు. అది తలుచుకుంటే నాకు ఏడుపాగదు. కాలం మేం అడిగింది ఇవ్వకపోలేదు, గొంతు దిగే వేళకు ఇవ్వలేదు.