బోణీ పడందే తెరుచుకోని సర్వర్

దెయ్యాన్ని చూశామని ఎవరైనా అంటే, "ఎంతమంది చూశారు, కాస్త తగ్గించి చెప్పు" అని బేరమాడే రకాన్ని నేను. రాజాంలో మూడు తరాల కిరాణా హోల్‌సేల్ కొట్టు మాది. ఎదుటివాడు చెప్పినదాంట్లో సగం కొట్టేసి వినడం చిన్నప్పుడే అలవాటైపోయింది. ఇప్పుడు రాయబోయేది మాత్రం ఎంత ప్రయత్నించినా తగ్గించలేకపోతున్నాను.

హైమ నా భార్య. మేనమామ కూతురే. వాళ్లది కోటబొమ్మాళి. కంప్యూటర్లు చదువుకుంది. పల్లెల్లోని చిన్న కొట్లవాళ్లు ఫోన్లోనే సరుకు ఆర్డరు పెట్టుకునేలా మాకొక వెబ్ అప్లికేషన్ తయారుచేసింది. సర్వర్ బయట అద్దెకు తీసుకుందామంది. నేను ఊరుకుంటానా? మూలనున్న పాత కంప్యూటర్ని చూపించాను.

"నీతో బేరమాడీకన్నా దీన్ని బతిమాలుకోడమే సులువు బావ" అని దాన్నే సర్వర్ చేసింది.

మా నాన్నకి ఒక పట్టింపు ఉంది. రోజూ మొదటి సరుకు చెయ్యి మంచిదైన ఇంటి మనిషే కొనాలి. ఆ బోణీకి బేరం ఉండకూడదు. హైమ ఆ పట్టింపుని కూడా సెట్టింగుల్లో పెట్టేసింది. షట్టర్ ఎత్తగానే ముందు లెక్కలన్నీ ఉండే డేటాబేస్, అది లేచాక సర్వర్ స్టార్ట్ చేసేది. తర్వాత తన పాస్‌వర్డ్‌తో ఒక పసుపు పొట్లం ఆర్డరు పెట్టేది. అది పడేదాకా ఎవరి ఫోన్లోనూ మా కొట్టు తెరుచుకోదు. సూచనలు రాసే గడిలో రోజూ ఒకటే మాట, నన్ను ఎత్తిపొడవడానికి: "బేరాల్లేవు బావ."

ఒకరోజు పొద్దున్నే ఆమెకి జ్వరం.

"ఒళ్లు కాలిపోతన్నాది బావ. డాక్టరు కాడికి ఎల్దామా?"

"బోణీ ఏసేయ్, ఎల్దాం. రెండు నిమిషాల పనే కదా" అన్నాను.

ముందురోజు తను మార్చిన సెట్టింగేదో కుదరలేదు. సర్వర్ లేవనంది. హైమ బల్లకి తల ఆనించి, తప్పెక్కడో రాసుండే లాగ్‌లో ఒక్కో వరుసా చదువుతూ, సరిచేస్తూ, మళ్లీ స్టార్ట్ చేస్తూ కూర్చుంది. నేను గల్లాపెట్టె దగ్గర్నుంచి "అయిందా?" అని అడుగుతూనే ఉన్నాను. పసుపు పొట్లం పడేసరికి మధ్యాహ్నమైంది.

తొమ్మిదో రోజున విజయనగరం ఆసుపత్రిలో పోయింది. ఆ పూట ఆలస్యం వల్ల కాదని డాక్టరుగారు చెప్పారు. ఆయన మాటలోనూ సగం కొట్టేసే విన్నాను.

కర్మలయ్యాక కొట్టు తెరిచాం. హైమ నోటుపుస్తకంలో నాకోసం రాసిపెట్టింది: "మొదటిది పూర్తిగా లేచేదాకా రెండోది ముట్టుకోకు." నాకు ఓపికెక్కడిది? డేటాబేస్ లేవకముందే సర్వర్ నొక్కి మూడు రోజులు పాడుచేశాను. చివరికి విజయనగరం నుంచి సర్వర్లు చూసే రమణని పిలిపించాను. అంతా తీసేసి కొత్తగా పెడతానన్నాడు. వద్దు, ఆమె రాసిందేదీ పోకూడదన్నాను.

"బోణీ పాస్‌వర్డు ఆవిడికే తెలుసు కదండి. ఆ ఒక్కటీ తీసేస్తేగానీ కొట్టు తెరుసుకోదు" అన్నాడు.

సరేనని తలూపాను. తీసేముందు ఒకసారి స్టార్ట్ చేసి చూద్దామన్నాడు.

అప్పుడు తొమ్మిది దాటింది. కొట్టునిండా వెలుతురు. ఇంటర్నెట్ వైరు ఇంకా తగిలించలేదు. డేటాబేస్ లేచింది. సర్వర్ లేచింది. రమణ రెండు చేతుల్తో టీ గ్లాసు పట్టుకున్నాడు. నా చేతులు నా ఒళ్లో ఉన్నాయి.

తెర మీద ఒక ఆర్డరు పడింది. పసుపు పొట్లం, ఒకటి. కింద "బేరాల్లేవు బావ."

"మీరేటైనా నొక్కారేటండి?" అన్నాడు రమణ.

పాత ఆర్డరేమోనని చూశాడు. కాదు, ఆ రోజుదే, ఆ నిమిషానిదే. దానంతటదే పడేలా హైమ ఏదైనా రాసిపెట్టిందేమోనని పూటంతా వెతికాడు. ఏమీ దొరకలేదు. ఇంటికి పరిగెత్తి బీరువా తీశాను. ఆమె ఫోను నేను ఆపి పెట్టినట్టే ఉంది.

"మనిషి కూకుని పెట్టినట్టే ఉందండి" అని లాగ్ చూపించాడు రమణ. అతని టీ చల్లారిపోయింది.

ఆ పట్టింపు తీయనివ్వలేదు. రమణ నా పేరున కూడా బోణీ పెట్టుకునే వీలు చేసి వెళ్లాడు.

ఇప్పుడు రోజూ తను రాసిన వరుసలోనే, తొందరపడకుండా స్టార్ట్ చేస్తాను. చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వంక చూస్తూ కూర్చుంటాను. పది దాటాక నాన్న గల్లాపెట్టె దగ్గర్నుంచి, "ఏట్రా, గిరాకీలు ఎల్లిపోతన్నారు. నువ్వే ఏసేయ్" అంటాడు. అప్పుడు నేనే పసుపు పొట్లం పెడతాను. సూచనల గడి ఖాళీగా వదిలేస్తాను.

ఆమె ఆర్డరు మళ్లీ ఎప్పుడూ పడలేదు. ఆ ఒక్కసారి ఎలా పడిందో ఇప్పటికీ నాకు తెలీదు. తను క్షమించిందో, నిలదీసిందో అదీ తెలీదు. బేరాల్లేవని అంత స్పష్టంగా చెప్పినా, ఆమెని జ్వరంతో కూర్చోబెట్టిన ఆ ఒక్క పూట వెనక్కిమ్మని రోజూ పది దాకా బేరమాడుతూనే ఉన్నాను.