అఖ్తర్ గారికి సమజ్ కాలేదు

అఖ్తర్ గారికి ఏదీ ఒక్కసారి చెబితే అర్థం కాదు. వన్-నార్త్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద టీముకు లీడు. కంప్యూటరు ఎన్ని మెలికలు వేసినా చిటికెలో విప్పేస్తారు. మనిషి నోరు తెరిస్తే మాత్రం, "సమజ్ కాలే, మళ్లా చెప్పు" అంటారు. లిఫ్టు తలుపు తెరుచుకున్నా, ఇంకోసారి తెరిస్తే గానీ బయటికి రారని ఆఫీసులో నవ్వుకునేవాళ్లు.

హాజీ లేన్‌లో టీమంతటికీ గోడబొమ్మలు చూపించే నడక పెట్టమన్నది ఆయనే. ఏర్పాట్లు ఆయన టీములోని కల్పన మెడకు చుట్టుకున్నాయి. క్లయింటు మేనేజరు కూడా వస్తున్నాడు. ఈ ఒక్క పూట అఖ్తర్ గారు నోరు విప్పకుండా చూడమని హౌగాంగ్‌లో ఇంటి దగ్గర రైలెక్కుతూనే ఆమె దేవుడికి మొక్కుకుంది. దేవుడికీ సమజ్ కాలేదేమో.

మొదటి గోడ దగ్గరే అఖ్తర్ గారు చెయ్యెత్తారు. ఆ కిటికీ నిజమా, బొమ్మా? బొమ్మేనంది గైడు పిల్ల. అందులోంచి చూస్తున్న ముసలాయన? ఆయనా బొమ్మే. అయితే ఈ కథంతా మళ్లీ మెల్లగా చెప్పమన్నారు. మేనేజరు వాచీ చూసుకున్నాడు. కల్పనకు తల కొట్టేసినట్టయింది.

నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన అనిల్‌కుమార్ ఎంతో నయం, ప్రతి మాటకూ బుద్ధిగా తలూపుతున్నాడు. చిక్కల్లా, ఆఫీసులోనూ అంతే. అన్నిటికీ ఓకే అని, ఆనక ఒకటి చెబితే ఇంకొకటి చేసుకొచ్చేవాడు. ఇంకోసారి ఇలా జరిగితే ఇంటికి పంపించేయమంటానని ఈ క్లయింటు మేనేజరే తేల్చి చెప్పేశాడు.

మంచినీళ్లకు ఆగినప్పుడు కల్పన గైడును పక్కకు పిలిచి, మా పెద్దాయన వల్ల ఇబ్బంది పడుతున్నారు, ఏమనుకోకండి అంది.

"అంకుల్‌కి ఇదంతా కంఠతా వచ్చు లాహ్. ఎప్పుడొచ్చినా ఓ కొత్త అబ్బాయిని తెస్తారు. ఆ అబ్బాయి బిక్కమొహం వేసినప్పుడల్లా ఈయన చెయ్యెత్తుతారు" అని అక్కడి యాసలో చెప్పి నవ్వింది గైడు.

కల్పనకు సిగ్గేసింది. పొద్దుటినుంచీ మేనేజరు మొహం చూస్తోందే గానీ, అనిల్ మొహం ఒక్కసారీ చూడలేదు.

తర్వాతి గోడ దగ్గర, వానొస్తే చిత్రకారుడు ఫైవ్-ఫుట్ వేలో కూర్చునేవాడని గైడు చెప్పింది. అఖ్తర్ గారు వంగి బూటులేసు కట్టుకుంటున్నారు. అది ఎంతకీ ముడి పడటం లేదు. అనిల్ బిక్కమొహం వేసినా, ఈసారి ఆయన చెయ్యెత్తలేదు. చివరికి అనిల్ చెయ్యి భుజం దాకా లేచింది.

"సారీ మేడమ్, నాకు అర్థం కాలేదు. ఫైవ్-ఫుట్ వే అంటే?"

దుకాణాల ముందు జనం తడవకుండా నడవడానికి కట్టిన వసారా అని గైడు వివరించింది. మంచి ప్రశ్న అడిగావన్నాడు మేనేజరు. ఆ మాత్రం తెలియదా అన్నట్టు కల్పన అందరికంటే ముందు తలూపింది. ఈ ఊరొచ్చిన నాలుగేళ్లుగా తనూ అదేదో వీధి పేరనుకుంటోంది.