హీరోగారిని నమ్మని సత్యమణి

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటి కూడా లేదు. ఇరవై మూడేళ్ళ వయసు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పట్టా, కృష్ణానగర్‌లో ముగ్గురం సర్దుకునే గది, ఒక సినిమా కళాదర్శకుడి దగ్గర సహాయకుడి ఉద్యోగం. ఇవన్నీ ఉన్నవాడికి ఇంకేం తెలియాలి? (ఉద్యోగమంటే అట్టలకు రంగు వేయడం, మేకులు అందించడం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం 'డిజైనింగ్' అనేవాణ్ణి.) ట్రాన్సిస్టర్ గురించయితే పరీక్షలో ఆరు పేజీలు రాసినవాణ్ణి. దాని మూడు కాళ్ళ పేర్లూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయితే ఆ మూడు కాళ్ళతో అది ఏం చేస్తుందని నాలుగేళ్ళలో నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

అప్పుడు మేం చేస్తున్నది ఒక జానపద చిత్రం. అందులో సత్యమణి అని ఒక మాయరాయి ఉంది. నిజం పలికేవాడు వేలు పెడితే ఎర్రగా వెలుగుతుంది, అబద్ధాలకోరు పెడితే వెలగదు. మా సారు, అంటే కళాదర్శకుడు, అందరినీ పిలిచి, "వేలు పెట్టగానే దానంతటదే వెలగాలయ్యా. పక్కనుంచి ఎవడో స్విచ్ నొక్కితే తేడా తెలిసిపోతుంది. మీలో ఎవరికైనా వచ్చా?" అని అడిగారు. "నాకొచ్చు సార్, ఒక్క ట్రాన్సిస్టర్ చాలు" అన్నాను. ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

గదికి వెళ్ళి బ్యాటరీ తీగను నేరుగా దాని నడిమి కాలికి తగిలించాను. కమురు వాసన వేసింది. ఇంకొకటి పెట్టాను, అదీ పోయింది. మూడోది కూడా పోయాక, మా గది కింద షట్టర్‌లో మైకులు, ఆంప్లిఫయర్లు బాగుచేసే ఆవిడ దగ్గరికి దిగాను. వీధిలో అందరికీ ఆవిడ మైక్ అక్క.

"గిట్ల నేరుగ ఇస్తే సస్తది తమ్మీ. మధ్యల రెసిస్టర్ పెట్టాలె" అంది అక్క, శవపరీక్ష పూర్తిచేసి. "ఇంజనీర్‌వి గదా, గిది ఏం జేస్తదో తెల్వదా?"

"ఆంప్లిఫై చేస్తుందక్కా."

"అంటే ఏంది?"

ఆరు పేజీలూ ఒక్కసారి గుర్తుకొచ్చాయి గానీ, అందులో ఈ ప్రశ్నకు జవాబు లేదు. అక్క నన్ను పెరట్లో నల్లా దగ్గరికి తీసుకెళ్ళింది. "తిప్పనీకి నీ బలం జరంత సాలు. నీళ్ళేమో గట్టిగ పడ్తయి. ఆ నీళ్ళు నీ చేతిలకెళ్ళి వచ్చినయా? లే, పైన ట్యాంకిలకెళ్ళి వచ్చినయి. గిది గూడ గంతే. నడిమి కాలికి జరంత కరెంటిస్తే, బ్యాటరీల ఉన్న పెద్ద కరెంటుకు తొవ్వ ఇడుస్తది."

నాలుగేళ్ళ చదువు నల్లా దగ్గర అర్థమైంది. రాయి మీద రెండు సన్నటి ఇత్తడి రేకులు పక్కపక్కనే అతికించాను. వాటి మీద వేలు ఆనితే చర్మంలోంచి పిసరంత కరెంటు పోతుంది, దాన్ని ట్రాన్సిస్టర్ అందుకుని లోపలి చిన్న దీపాలను వెలిగిస్తుంది. వేలు పెట్టాను, ఎర్రగా వెలిగింది. (ఫ్యాన్ లేని ఆ షట్టర్‌లో నా చెయ్యి చెమటతో తడిసి ఉందన్న సంగతి నేను పట్టించుకోలేదు.)

మర్నాడు పొద్దున ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్. హీరోగారు ఏసీ కారవాన్‌లోంచి దిగి, పౌడర్ అద్దిన చేత్తో రాయిని తాకి, "నేనేనాడూ అసత్యమాడలేదు" అన్నారు. రాయి ఉలకలేదు, పలకలేదు. ఇంకో టేకు తీసుకున్నా అంతే. ఇంతలో బరువైన మఖమల్ దుస్తుల్లో గంట నుంచి లైట్ల కింద ఉడికిపోతున్న విలన్ బాబాయ్, "ఏదీ చూద్దాం" అంటూ సరదాగా ఓ వేలు పెట్టారు. రాయి భగ్గున వెలిగింది.

సెట్లో వాళ్ళంతా విరగబడి నవ్వారు. "ఏం తమ్ముడూ, దీనికి కథ చెప్పలేదా?" అని హీరోగారు కూడా నవ్వారు. దర్శకుడు మాత్రం నవ్వలేదు. మా సారు నన్ను పక్కకు పిలిచి, "భోజనాలయ్యేలోగా వెలిగితే సరి. లేకపోతే ఆ షాట్ ఎత్తేస్తారట. నువ్వు కూడా రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారు మెల్లగా.

అక్కకు ఫోన్ చేశాను. అంతా విని, "వెలిగించినాయనకు చెమట పట్టిందా?" అని అడిగింది. పట్టిందన్నాను. "హీరో చెయ్యి ఎండుగున్నది. గందుకే కరెంటు మస్తు తక్కువ పోతున్నది. ఒక్కపారి పెంచితే సాల్తలేదు. ఇగ నువ్వే చెప్పు, ఏం జేస్తవు?"

చెప్పేస్తే ఏం పోయిందని కోపం వచ్చింది. కళ్ళు మూసుకుని నల్లాను తలచుకున్నాను. "మొదటిదాంట్లోంచి వచ్చే కరెంటును ఇంకో ట్రాన్సిస్టర్ నడిమి కాలికి ఇస్తే? అది తిరిగి పెంచుతుంది కదక్కా?"

"గిప్పుడైనవ్ ఇంజనీర్‌వి" అని పెట్టేసింది.

అందరూ పప్పన్నం తింటుంటే, నేను థర్మకోల్ సింహాసనం వెనక కూర్చుని రెండో ట్రాన్సిస్టర్ అతికించాను. భోజనాలయ్యాక హీరోగారు వేలు అలా ఆనించారో లేదో, రాయి నిండుగా వెలిగింది. షాట్ ఓకే అయింది. (విలన్ బాబాయ్ వంతు వచ్చినప్పుడు గుట్టుగా బ్యాటరీ పీకేశాను. అబద్ధాలు కనిపెట్టే ట్రాన్సిస్టర్ ఇంకా ఎవరూ తయారుచేయలేదు.)

సినిమా విడుదలైన రోజు మార్నింగ్ షోకి అక్కను తీసుకెళ్ళాను. ఆ ఘట్టం వచ్చింది. తీరా చూస్తే, రాయి చుట్టూ సుడులు తిరుగుతున్న వెలుగంతా కంప్యూటర్లో చేసింది. నా దీపాలు ఎక్కడా లేవు. తల దించుకున్నాను. అక్క మోచేత్తో పొడిచి, "గా వెలుగు వాళ్ళదే గానీ, హీరో ఏళ్ళ మీద పడ్డ ఎరుపు సూడు. గది మనది" అంది.

నిజమే. వేళ్ళ అంచున సన్నగా రెండు క్షణాలు మెరిసి పోయింది. నేను లేచి నిలబడి ఈల వేశాను. హీరో కోసమనుకుని హాలంతా నాతో కలిసి ఈల వేసింది. ఇప్పుడు నాకు సొంత వర్క్‌షాప్ ఉంది, తెర నిండా వెలిగే వస్తువులు ఎన్నో చేశాను. అంత గట్టిగా ఈల వేసే సందర్భం మాత్రం మళ్ళీ రాలేదు. వచ్చినా, ఈ వయసులో కూర్చునే వేస్తానేమో.