ఎదురెదురు అద్దాలు

సంపత్కుమార్ సారు తిరుపతిలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. ఇప్పుడు అన్ని బ్రాంచీల్లోనూ ఆయన పాఠాల వీడియోలే వేస్తున్నారు. వెనక నిలబడి పిల్లల అల్లరి అదుపు చేయడం ఆయన పని. నుదుట తిరునామం తిన్నగా ఉంటుంది. సుద్దముక్క పట్టక ఏడాదైనా వేళ్లు దులుపుకుంటూనే ఉంటాడు.

ఆ రోజు అద్దాల పాఠం. శ్రీవేద అనే పిల్ల వెనక్కి తిరిగి, "సార్, రెండద్దాల్లో అన్ని బొమ్మలు ఎట్లొస్తాయి?" అంది. ఆయన అరచేతులు ఎదురెదురుగా పట్టి, "చూడమ్మా..." అన్నాడో లేదో, ఇన్‌ఛార్జి తలుపు దగ్గర నుంచి కసిరాడు. "సార్, మీరు మాట్లాడొద్దు. వీడియో నడస్తా ఉండాది." ఆ అరచేతులు అట్లాగే కలిసి దణ్ణమయ్యాయి.

తెరమీది సంపత్కుమార్ చెబుతున్నాడు: "అద్దాలు వెలుగును రవ్వంతైనా మింగవనుకోండి, ప్రతిబింబాలకు అంతుండదు. మధ్యలో వస్తువును తీసేస్తే మాత్రం అన్నీ మాయం." పిల్లలు రాసుకున్నారు. తెరమీద ఎండ పడుతోందని ఆయన వెళ్లి కిటికీ మూశాడు.